దూజే సిగ్గు, సారా రంగు: ఒక ప్రచారానికి ఖండన

నటన గురించి చర్చ మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. 1895 జూన్‌లో లండన్‌లో ఒకే వారంలో ఇద్దరు మహానటీమణులు ఒకే పాత్రను ధరించారట. ఫ్రాన్సుకు చెందిన సారా బెర్నార్ ముఖం నిండా రంగు పులుముకుని గొంతు చించుకుని అరిచిందట. ఇటలీకి చెందిన ఎలియొనోరా దూజే మాత్రం రంగు లేకుండా వచ్చి, అసలు నటించకుండానే పాత్రగా మారిపోయి, వేదిక మీద నిజంగానే సిగ్గుతో ఎర్రబడిందట. అది చూసిన బెర్నార్డ్ షా, అప్పట్లో లండన్ ‘సాటర్డే రివ్యూ’ పత్రికకు నాటక విమర్శలు రాస్తున్న రచయిత, సారాకు నటన రాదని తేల్చేశాడట. చివర ‘నటించకపోవడమే అసలైన నటన’ అన్న వాక్యం ఒకటి తగిలిస్తారు. ఇందులో ఆ వారం నిజం, ఆ పాత్ర నిజం, షా దూజే పక్షాన తీర్పు చెప్పడమూ నిజమే. వాటి నుంచి లాగిన ముగింపు మాత్రం షా రాసినదానికి నేరుగా విరుద్ధంగా ఉంది.

ముందు నాటకం సంగతి చెప్పుకోవాలి. జర్మన్ రచయిత హెర్మాన్ సూడర్‌మాన్ నాటకం ‘హైమాట్’ 1893లో బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ఇంగ్లండులో దానికి నాయిక పేరు మీదుగా ‘మాగ్డా’ అన్న పేరు స్థిరపడింది. తండ్రి చూపిన పెళ్ళి కాదన్నందుకు ఇల్లు వదలవలసి వచ్చిన మాగ్డా, ఏళ్ల తరవాత పేరుమోసిన గాయనిగా సొంత ఊరికి తిరిగివస్తుంది. తండ్రి పదవీవిరమణ చేసిన సైనికాధికారి. ఒకప్పుడు ఆమెను మోసగించి, ఆమె బిడ్డకు తండ్రి అయిన కెల్లర్ ఇప్పుడు ఆ ఊళ్లో పెద్దమనిషి. అతణ్ణి పెళ్ళాడి తీరాలని తండ్రి, బిడ్డ సంగతి బయటపడకూడదని కెల్లర్ పట్టుబట్టడంతో నాటకం ముదిరి, తండ్రి మరణంతో ముగుస్తుంది.

సారా అరిచిందన్న మాటను తొందరగా దాటవచ్చు. షా ఆమె మీద చేసిన ఆరోపణ అది కాదు, దానికంటే సూక్ష్మమైనది. ప్రేక్షకుడి బలహీనతలన్నీ కనిపెట్టి, వాటి మీద ఆడుకుని, అతని చేత తనను మెచ్చుకునేలా, తన మీద జాలిపడేలా, తనతో పాటు ఏడ్చేలా చేయగలదనీ, పాత్రలో ప్రవేశించడానికి బదులు పాత్ర స్థానంలో తననే నిలబెడుతుందనీ ఆయన అన్నాడు. అంతగా జనాన్ని కట్టిపడేసే మనిషిని నటన రానిదని ఎవరూ అనరు, షా కూడా అనలేదు. ఇక్కడ మనవాళ్ల ధోరణి నాకు కాస్త వింతగా తోస్తుంది. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో ‘మీరజాలగలడా’ అన్న పల్లవిని మళ్లీమళ్లీ, ఒక్కోసారి ఒక్కో భావంతో పలికేవారని వింటే పులకించిపోతాం. బంగారు గొంతు అని ఫ్రాన్సు పిలుచుకున్న సారా గొంతు దగ్గరికి వచ్చేసరికి అది కృత్రిమమైపోతుంది.

రంగు మాట నిజమే. సారా చెవులకు కూడా ఎర్రరంగు పూసుకుని, వాటిని జుట్టుపాయల మధ్య నుంచి తొంగిచూడనిచ్చిందని, వేళ్ల కొసలు సైతం అదే కాంతితో ఉన్నాయని షా వర్ణించాడు. అయితే అదే చోట, ఇదంతా ఎవరూ నమ్మని సొగసైన అబద్ధమే అయినా, ఎంతో నేర్పుతో, సరదాగా నడిపిస్తుంది కాబట్టి నవ్వుతూ ఒప్పుకోక తప్పదని కూడా రాశాడు. ప్రచారంలో ఆ సగం రాలిపోయింది. నాది మరొక అభ్యంతరం. మాగ్డా ఇంట్లో అణిగిమణిగి ఉండే ఆడపిల్ల కాదు, దేశాలు తిరిగిన గాయని. క్రమశిక్షణే ప్రాణమైన ఆ చిన్న ఊరి ఇంట్లోకి ఆమె వైభవం అడుగుపెట్టడంలోనే ఘర్షణంతా ఉంది. అందువల్ల, ఆ పాత్రను ధరించిన నటి ‘నేను ఫలానా’ అన్న ధీమాతో వేదిక మీద మెరవడం మొదటి ఘట్టాల్లోనైనా పాత్రకు ద్రోహం కాదు. మొత్తం మీద దూజే మాగ్డాయే గొప్పదని నేను కూడా నమ్ముతాను. అలా నమ్మడానికి సారాను వేషగత్తెగా దిగజార్చనవసరం లేదు.

ఇక అసలు విషయం, ఆ ఎరుపు. మూడో అంకంలో కెల్లర్ పూలతో వస్తాడు. ఆ తొలి పలకరింపు క్షణాన్ని మాగ్డా నిబ్బరంగానే దాటుతుంది. ఇద్దరూ కూర్చుంటారు. గండం గడిచిందనుకుని, అతను ఎంత మారాడో చూద్దామని అతని వైపు చూస్తుంది. అప్పుడు ఆమె ముఖం ఎర్రబడటం మొదలవుతుంది. ఆ సంగతి తనకే తెలిసివస్తుంది, తెలిసేకొద్దీ ఎరుపు ఇంకా పాకుతుంది. అతనికి కనబడకుండా, తప్పించుకుంటున్నట్టు తెలియకుండా ముఖం పక్కకు తిప్పబోయి, ఒకటి రెండు విఫలయత్నాల తరవాత, ఇక లాభం లేదని ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకుంటుంది. షా వర్ణన సారాంశం ఇది. ఇందులో తనకు ఏ కిటుకూ కనబడలేదని చెబుతూనే, ఆ ఎరుపు ప్రతి ప్రదర్శనలోనూ దానంతటదే వస్తుందా అన్న వృత్తిపరమైన కుతూహలం తనకు గట్టిగా ఉందని కూడా ఆయన రాశాడు. అంటే, కథ చెప్పేవారు నిర్ధారణగా వాడుకునే చోట షా ఒక ప్రశ్నను వదిలిపెట్టాడు. ఆ దృశ్యం జరిగిన డ్రూరీ లేన్ నాటకశాల లండన్‌లోని పెద్ద నాటకశాలల్లో ఒకటి. వెనక వరసల్లో, పై అంతస్తుల్లో కూర్చున్నవారికి చెంపల రంగు ఏపాటి కనబడుతుంది? వాళ్లకు అందినది ఆ వరుస: కూర్చోవడం, చూడటం, చూపు ఆగిపోవడం, ముఖం తిప్పబోవడం, చేతులు పైకి లేవడం. చెంపలు తమంతట తాము ఎర్రబడి ఉండవచ్చు, ఈ వరుస మాత్రం దానంతటదే కుదిరేది కాదు.

అసలు మన దేశంలో ఈ చర్చ కొత్తదేమీ కాదు. ముఖం రంగు మారడాన్ని భరతుడు వైవర్ణ్యమనే పేరుతో ఎనిమిది సాత్త్వికభావాల్లో, అంటే మనసులోని భావం ఒంటి మీద కనబడే తీరుల్లో, చేర్చాడు. దాన్ని నాడులను నొక్కిపట్టి ప్రయత్నపూర్వకంగా అభినయించాలని నాట్యశాస్త్రం ఏడో అధ్యాయం చెబుతుంది. సత్త్వం మనసు ఏకాగ్రత నుంచి పుడుతుందని కూడా అక్కడే ఉంది. చెమటను, కన్నీటిని, ఎర్రబడటాన్ని అభినయంలో భాగంగా లెక్కించిన సంప్రదాయం మనది. అటువంటి మనం ‘నిజంగా ఎర్రబడింది కాబట్టి నటించలేదు’ అన్న వాదనను ఎలా మింగుతున్నామో అర్థం కాదు.

దూజే ‘నటించలేదు’ అన్న మాటకు షా వ్యాసంలోనే సమాధానం ఉంది, అదీ ఆ వ్యాసంలోని అతి విలువైన భాగంలో. కొత్తగా వచ్చిన నటి తన పాత్రలో ఓ అరడజను చోట్ల మెరవాలని నిర్ణయించుకుంటుంది. చాలామంది ఆ తరవాత పాత మెరుపులనే ఎక్కడ అతికించాలో నేర్చుకుని అక్కడితో ఆగిపోతారు. గొప్ప నటి కొత్తవి కల్పించుకుంటూ, ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతుంది. అలా చేరినవన్నీ అతి కొద్దిమందిలో ఏళ్ల తరవాత ఒకదానిలో ఒకటి కరిగి అతుకు కనబడని ఒకే ప్రవాహమవుతాయి. అప్పుడే ఏ ప్రయత్నమూ లేనట్టు, సహజంగా కనబడుతుంది. దూజే చేరుకున్నది ఆ దశకేనని షా అన్నాడు. ఉదాహరణగా ఆమె మరో పాత్రను, ఫ్రెంచి నాటకం ‘లా దామ్ ఓ కమేలియా’ నాయిక మార్గరీత్‌ను, తీసుకుని, మూడో అంకంలో పూలను కట్టే పనిని చూపించాడు. ఆ పని ప్రపంచంలోకెల్లా మామూలుగా కనిపిస్తుందనీ, నిశితంగా చూస్తే అది చేతులతో చేసే దీర్ఘమైన, మిక్కిలి పరిణతి పొందిన నృత్యమనీ అన్నాడు. నటించకపోవడాన్ని ఎవరూ ఇంత వివరంగా పొగడరు.

షా మాటే ఆఖరి మాట అన్న భావం కూడా నిలవదు. ఆయన కొత్త తరహా వాస్తవిక నాటకాలు రాసిన నార్వే రచయిత ఇబ్సెన్ పక్షాన జెండా పట్టుకున్న రచయిత. సారా ఆడే, ఫ్రెంచి రచయిత సార్దూ తరహా నాటకాలను వెక్కిరించడానికి కొత్త పదమే కల్పించినవాడు. ఆయన తరవాత 1898లో అదే సాటర్డే రివ్యూ పత్రికలో అదే కుర్చీలో కూర్చున్న మాక్స్ బీర్‌బోమ్, రెండేళ్లకు దూజేను చూసి, తనలో కలిగిన ప్రధానభావం విముఖతేనని రాశాడు. నాటకాలనూ, తోటి నటులనూ, విమర్శకులనూ, ప్రేక్షకులనూ తొక్కుకుంటూ పోయే అహంశక్తిగా ఆమె ఆయనకు కనబడింది. సారా మీద షా మోపిన నేరానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇదే మాగ్డాను ఇంగ్లీషులో ధరించిన మిసెస్ పాట్రిక్ కాంప్‌బెల్‌కు 1896లో లండన్ లైసియం నాటకశాలలో పరాజయం ఎదురైతే, 1900లో రాయల్టీ నాటకశాలలో అదే పాత్ర విజయం తెచ్చింది. ఒక్క రాత్రి చూసి రాసిన తీర్పును శిలాశాసనంగా భావించేవారు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కొందరు ఈ కథకు రుజువుగా పాత మూకీలను కూడా చూపుతారు. సారా ఎలిజబెత్ రాణిగా కనిపించే 1912 నాటి చిత్రం, దూజే ఏకైక చిత్రం అయిన 1916 నాటి ‘చెనెరె’ రెండూ మాగ్డా కావు. పైగా మొదటిదాంట్లో సారా వయసు 67 ఏళ్లు, ఆమె గొంతు అందులో వినబడనే వినబడదు.

దూజేతో కొత్త నటన పుట్టిందనీ, సారాతో పాతది చచ్చిందనీ గీసే గీత కూడా ఇద్దరి జీవితాల్లో కనబడదు. 1882లో సారా బృందం తూరిన్‌కు వచ్చినప్పుడు, ఇంకా పేరు రాని దూజే అక్కడే ఉండి ఆమె ప్రదర్శనలు చూసి, ఆ ఉత్సాహంతోనే అటువంటి పాత్రలకు సిద్ధపడింది. 1897లో పారిస్‌లో తొలిసారి ఆడినప్పుడు దూజే దిగినది సారా నడిపే రెనెసాన్స్ నాటకశాలలోనే. మొదటి రాత్రికి ఆమె ఎంచుకున్నది సారా పేరు మారుమోగిన మార్గరీత్ పాత్రే.