వచ్చే నీటికి మ్యూజియం ఉంది, పోయే నీటికి ఏది?

2027 పుష్కరాల పుణ్యమా అని రాజమండ్రికి మళ్లీ డబ్బు కదులుతోంది. అఖండ గోదావరి ప్రాజెక్టు, సుమారు 94 కోట్లు, పాత హేవలాక్ రైలు వంతెన మీద పర్యాటకం, ఘాట్ల సుందరీకరణ, ఇవన్నీ పేపర్లలో చదివినవే. ఇలాంటి సందర్భం వచ్చిన ప్రతిసారీ ఒక కోరిక కూడా పైకి వస్తుంది: గోదావరి చరిత్ర మీద ఓ భారీ మ్యూజియం కట్టాలని. కట్టొద్దు. ఉన్నవాటిని తెరిచి, వెలుతురు పెట్టి, వివరం రాసి, ఒకదానితో ఒకటి కలిపితే చాలు. కలిపే దారి కొత్తగా వేయాల్సిన పని కూడా లేదు. కాలువ రూపంలో అది 1852 నుంచీ ఉంది. కలిపేటప్పుడు చేలోకి వచ్చే నీటితో పాటు చేలోంచి పోయే మురుగునీటి కథ కూడా చెప్పాలి.

ముందు ఉన్నవేమిటో చూద్దాం. రాజమండ్రి గోదావరి గట్టున రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియంలో నాణేలు, శిల్పాలు, కోనసీమలోని ఆదుర్రు బౌద్ధ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిపాత్రలు ఉన్నాయి. 1925లో మశూచితో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలకు ఊళ్లోనే చిత్రశాల ఉంది. కందుకూరి పుట్టిన ఇల్లు ఉంది. గౌతమీ గ్రంథాలయం సరేసరి. కాకినాడ వెళ్తే ఆంధ్ర సాహిత్య పరిషత్ మ్యూజియం, అందులో తాళపత్రాలు. ధవళేశ్వరంలో, గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట కాటన్ మ్యూజియం. ఇన్ని ఉన్నా చూసొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే ‘పాతవి’ అంటారు. లోపం చూసేవాళ్లది కాదు. శిల్పం కింద ‘విష్ణువు, క్రీ.శ. 10వ శతాబ్దం’ అని రాసి వదిలేస్తే, అది ఏ ఊరి చెరువు తవ్వుతుంటే దొరికిందో, ఆ ఊళ్లో ఇప్పుడు ఏముందో ఎవరికి తెలుస్తుంది?

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. సర్కారు మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు. ఉదయం పదిన్నర లోపు వెళ్తే గేటు దగ్గర నిలబడటమే. అందుకని పొద్దున్నే హేవలాక్ వంతెన చూసి, తలుపులు తీశాక రాళ్ళబండి మ్యూజియం, తర్వాత దామెర్ల చిత్రశాల, భోజనం చేసి ధవళేశ్వరం, ఈ వరుస బాగుంటుంది. ఆదివారం బ్యారేజీ రోడ్డు మీద బళ్లు కిక్కిరుస్తాయి, నడిచి చూడాలనుకునేవాళ్లు వేరే రోజు పెట్టుకోవాలి. తాళపత్రాలు చూడాలంటే ముందుగా అడిగి వెళ్లడం మంచిది, బీరువా తాళం ఎవరి దగ్గరుందో వాళ్లు ఆ రోజు ఉండాలి కదా.

తాళపత్రాల సంగతి కాస్త ఆగి చెప్పాలి. డెల్టా గాలిలో ఏడాదిలో సగం రోజులు తేమ ఉంటుంది. తాటాకుకు తేమకన్నా తేమ మారడమే ఎక్కువ చేటు. ఆఫీసు వేళల్లో ఏసీ వేసి సాయంత్రం ఐదింటికి కట్టేస్తే ఆకు పగలు ముడుచుకుంటుంది, రాత్రి ఉబ్బుతుంది. కొన్నేళ్లకు అంచులు చిట్లి, తాడు దూర్చిన చిల్లు దగ్గర చీలుతుంది. రోజుకు ఎనిమిది గంటల ఏసీకన్నా అసలు లేకపోవడమే నయం. గాలి ఆడే గది, గోడకు జానెడు దూరంలో బీరువా, చెక్క పలకల మధ్య బిగువు తప్పకుండా కట్టిన కట్ట, ఏడాదికోసారి దుమ్ము దులిపి నిమ్మగడ్డి నూనె పూయడం, ఇంతే కావాలి. పెద్ద భవనం అక్కర్లేదు. ఆ నూనె ఎప్పుడు పూయాలో తెలిసిన మనిషికి నెలనెలా జీతం కావాలి.

ఇక ధవళేశ్వరం. డెల్టా మొత్తంలో నిజంగా చూడదగ్గ మ్యూజియం ఇదే, అదీ గది బయట. లోపల ఆనకట్ట కాలం నాటి సామగ్రి, నమూనాలు, ఫొటోలు ఉన్నాయి. అవి చూసి బయటికొస్తే ఎదురుగా అసలు సరుకు ఉంది. గోదావరి అడుగున ఇక్కడ బండ లేదు, ఇసుకే. ఇసుక మీద కిలోమీటర్ల కొద్దీ గోడ ఎలా నిలబడింది? కాటన్ మనుషులు ఇసుకలో నూతులు దించి, వాటిని పూడ్చి, వాటి మీద గోడ లేపారు. దూకిన నీరు గోడ పాదాన్ని తవ్వేయకుండా కింది వైపు రాళ్లు పరిచారు. రాయి ధవళేశ్వరం కొండదే. ఇసుకలో పునాది నిలపడం తమిళనాట కావేరి మీద పాత కాలం నుంచీ ఉన్న విద్య, కాటన్ అక్కడ పని చేసి నేర్చుకున్నాడు. హేవలాక్ వంతెన 56 ఖానాలూ 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది కూడా ఇసుకలోకి దించిన నూతుల మీదే. ఈ రెండింటినీ కలిపి చెప్పే బోర్డు రాజమండ్రిలో ఒక్కటి కూడా కనబడదు. వంతెన మీద రంగు దీపాలు మాత్రం వస్తాయి.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీకి నాలుగు భాగాలు. వరసగా 70, 43, 23, 39, మొత్తం 175 గేట్లు. 1982లో ఇది పూర్తయ్యాక పాత ఆనకట్ట పని అయిపోయింది. దీని మీదుగా పిచ్చుకలంక, బొబ్బర్లంక దాటి విజ్జేశ్వరం దాకా వెళ్తే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మూడూ ఎక్కడ పుడతాయో ఒక పూటలో చూడొచ్చు. నీటిమట్టం చూపే గేజి దగ్గర ఆగండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. టీవీలో వినే ‘ప్రమాద హెచ్చరిక’ ఆ రాతి మీది గీతలే. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు ఇక్కడినుంచి వెళ్లాయి. లంక గ్రామాలవాళ్లకు ఆ సంవత్సరం గురించి బోర్డు అక్కర్లేదు గానీ వాళ్ల మనవలకు కావాలి.

కాలువలో పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకులు చూడాలంటే వేసవిలో కాలువలు కట్టేశాకే వెళ్లాలి. నీరున్నప్పుడు తలుపులు తప్ప ఏమీ కనిపించవు. కట్టేశాక గడప, పక్క తూములు, తలుపు అడుగు అన్నీ బయటపడతాయి. రెండు జతల తలుపులు, మధ్యలో పడవ పట్టే తొట్టి. తలుపులు రెండూ ఎగువ వైపు మొన దేరేలా కలుస్తాయి, అందుకే పైనీటి ఒత్తిడే వాటిని బిగించి పెడుతుంది. చిన్న షట్టరు ఎత్తి తొట్టిలోకి నీరు వదిలి, రెండు పక్కలా మట్టం సమానమయ్యాకే తలుపు కదులుతుంది. అంతకుముందు నలుగురు కలిసి తోసినా కదలదు. పాడయ్యేదెక్కడంటే గడప మీద మేట వేసి తలుపులు ఆనకపోవడం, పైన పట్టీ అరిగి తలుపు వంగిపోవడం, చెక్క కుళ్లడం. ఇదంతా పుస్తకంలో దొరకదు, లాకుల్ని, కాలువల్ని చూసుకునే లస్కర్లకు తెలుసు. లస్కరు పోస్టులు ఖాళీ అయ్యేకొద్దీ ఈ విద్య కూడా వాళ్లతోనే రిటైరవుతోంది. ఒక్క లాకును బాగు చేసి, నెలకో ఆదివారం పడవ దించి, ఎక్కించి చూపిస్తే పది గదుల నమూనాలకన్నా మేలు.

పెద్ద భవనం కావాలనేవాళ్ల వాదనలో పస లేదనను. హైదరాబాదులో సాలార్ జంగ్ ఉంది కాబట్టే జనం ఒక పూట అక్కడ గడుపుతున్నారు. చిల్లరగా పది చోట్ల ఉన్న గదుల కోసం బయటి ఊరివాళ్లు రారు, వచ్చినా బస్సు దొరకదు. చిన్నవాటిని నడపడానికి మనుషులు ఎక్కువ కావాలి. ఒప్పుకుందాం. కానీ భవనానికి డబ్బు ఒక్కసారి వస్తుంది, మనిషి జీతం నెలనెలా రావాలి. మన దగ్గర మొదటిది దొరికినంత సులువుగా రెండోది ఏ శాఖలోనూ దొరకదు. ఇప్పుడున్నవాటి గతే చూస్తున్నాం, దాని పదింతల భవనానికి ఏసీ బిల్లు ఎవరు కడతారు?

అసలు గొడవ ఇంకోటి ఉంది. ఈ మ్యూజియాలన్నీ వచ్చే నీటి కథే చెబుతాయి. ఊరూరా గుర్రమెక్కిన కాటన్ విగ్రహం ఉంది, కరువు పోయి పంట వచ్చిందని చెప్పుకుంటూ ఆయన మీద శ్లోకం చదువుతాం. పది లక్షల ఎకరాలకు పైగా తడిపిన నీరు ఎటు పోతుందో చెప్పే గది ఒక్కటి లేదు. బ్యారేజీ నిండు మట్టం సముద్రమట్టానికి 13.64 మీటర్లు. సముద్రం సుమారు అరవై కిలోమీటర్ల దూరం. అంటే కిలోమీటరుకు జానెడు వాలు. పంట కాలువకు ఆ వాలు సరిపోతుంది, మురుగు కాలువకు చివరి పది కిలోమీటర్లలో అది కూడా మిగలదు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరే వెనక్కి ఎక్కుతుంది. కాలువ సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేస్తే పాటు సమయంలో కూడా నీరు దిగదు. మధ్యలో గుర్రపు డెక్క, దాని మీద చేపల చెరువుల నీరు. అక్టోబరులో వాయుగుండం వస్తే కోతకొచ్చిన చేను వారం రోజులు మునిగి ఉంటుంది. కోనసీమ రైతు 2011లో ఖరీఫ్ సాగే మానేసి పంట విరామం ప్రకటించాడంటే, గిట్టుబాటు ధరతో పాటు ముంపు కూడా కారణమే. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కొబ్బరి తోటలు ఉప్పునీటికి తలలు వాల్చడం నిన్నమొన్నటి మాట.

దీనికీ చరిత్ర ఉంది. అరవైల్లో వరదల తర్వాత మిత్రా కమిటీ డెల్టా మురుగు మీద నివేదిక ఇచ్చింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేస్తూ చట్టం చేశారు. నీళ్లు రావడానికే కాదు, పోవడానికి కూడా రైతు సొంత డబ్బు కట్టాడన్నమాట. కాటన్ కొండరాయి ఎలా తెచ్చాడో చెప్పే గోడ మీద ఈ సెస్సు రసీదు ఒకటైనా ఉండాలి కదా. మ్యూజియం అంటే గొప్ప చెప్పుకునే చోటని అనుకోవడం వల్ల వచ్చిన లోటు ఇది.

కోనసీమలోని పి.గన్నవరం వెళ్తే వచ్చే నీరు, పోయే నీరు రెండూ ఒకేచోట కనబడతాయి. వైనతేయ పాయ మీదుగా రాజోలు దీవికి కాలువను దాటించడానికి 1850ల్లో ఇంజనీరు హేగ్ 49 ఖానాల అక్విడక్టు కట్టించాడు. కింద నది, పైన కాలువ. ఇప్పుడు నీరు పారేది పక్కనే కట్టిన కొత్తదానిలో, దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆ నీటితో తడిసే దీవి చివర్లోకి వెళ్లి డ్రెయిన్ల గట్ల మీద నిలబడితే, వచ్చిన నీరు పోవడానికి ఎంత తంటాలు పడుతుందో కళ్లముందే ఉంటుంది. బడిపిల్లల్ని ఆ రెండు చోట్లకూ ఒకే రోజు తీసుకెళ్లాలి. రాజమండ్రి నుంచి పొద్దున ఏడింటికి బయల్దేరితే అయ్యే పనే. వెళ్లేముందు ఆ రోజు పోటు ఎన్నింటికో మత్స్యకారుల్ని అడిగి తెలుసుకోవాలి. పోటు వేళ చూస్తే నీరు వెనక్కి రావడం కనిపిస్తుంది, పాటు వేళ వెళ్తే బురద తప్ప ఏమీ ఉండదు.

కాటన్ మ్యూజియంలో చేయాల్సింది ఇక ఒక్క బల్ల. పది అడుగుల పొడవు, కాలువలు పుట్టే తలకట్టు నుంచి సముద్రం దాకా ఇసుకతో వాలు, ఒక పక్క పంట కాలువ, ఒక పక్క మురుగు కాలువ, చివర్లో పోటు లేపడానికి నీళ్ల తొట్టి. పిల్లాడు కుళాయి తిప్పితే చేను తడవాలి, తొట్టి మట్టం పెంచితే మునగాలి, గరిటెతో మొగ తవ్వితే నీరు దిగాలి. ఇసుక రెండు నెలలకోసారి మార్చాలి, లేకపోతే పాచి పట్టి వాలు తప్పుతుంది. ఆ పని ఎవరిదో టెండరులోనే పేరు పెట్టి రాయాలి.