మద్దెల ఓడే, ముమ్మాటికీ

ఆడలేనమ్మ మద్దెల ఓడందట. పెద్దలు ఎగతాళికి అన్నారు గానీ, కంప్యూటర్‌లో ఆటలాడేందుకు కంట్రోలర్ పట్టుకున్న ప్రతివాడికీ అది ప్రాథమిక హక్కు. స్టంప్స్ ఎగిరాయి, "బటన్ పనిచెయ్యట్లేదురా" అన్నాం, పరువు నిలిచింది. అలాంటిది, ఈమధ్య కొందరు కంట్రోలర్‌ని నిజంగానే బాగుచేసేస్తున్నారు. ఉపేక్షిస్తే మనకు దిక్కుండదు.

వాళ్లు ముందు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కుతారు. జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని కొట్టి, ప్రాపర్టీస్ తెరుస్తారు. నొక్కిన ప్రతి బటనూ అక్కడ వెలుగుతుంది. వెలిగిందంటే తప్పెవరిదో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయినట్టే. నలుగురిలో ఆ పెట్టె తెరవరాదు.

అసలు కంట్రోలర్ పేరే కనబడకపోతే పండగ. అక్కడా ఓ ద్రోహి "కేబుల్ మార్చి చూడు" అంటాడు. ఛార్జింగ్‌కి మాత్రమే చేసిన కేబుల్లో కరెంటు తీగలుంటాయి, డేటా తీగలుండవు. లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కబురందదు. అంతటి కేబుల్‌ని పారేయడానికి చేతులెలా వస్తాయి?

లాజిటెక్ ఎఫ్310 వెనక ఎక్స్, డీ అని బుల్లి స్విచ్ ఉంటుంది. అవి కంట్రోలర్ విండోస్‌తో మాట్లాడే రెండు పద్ధతులు: ఎక్స్ అంటే ఎక్స్‌ఇన్‌పుట్, డీ అంటే డైరెక్ట్‌ఇన్‌పుట్. స్విచ్ డీ వైపుంటే, ఎక్స్‌ఇన్‌పుట్ మాత్రమే తెలిసిన ఆటలు పలకవు. దాన్ని గోటితో జరపడం రెండు సెకన్ల పని. గోళ్లు కత్తిరించుకోండి.

ప్లేస్టేషన్ కంట్రోలర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దాని మాటను ఆటలకు అర్థమయ్యేలా చెప్పే సాఫ్ట్‌వేర్లు డీఎస్4విండోస్, స్టీమ్ ఇన్‌పుట్ రెండూ నడిపితే ఒక కంట్రోలర్‌కి ఇద్దరు దుబాసీలు. ఒక్కసారి నొక్కితే మెనూ రెండు గడులు దూకుతుంది. ఒకదాన్ని ఆపితే చాలు, కానీ "నేనొక్కసారే నొక్కాను" అని నిజంగా ఒట్టేయగల అవకాశం మళ్లీ రాదు.

అన్నిటికన్నా ఘనమైనది డ్రిఫ్ట్, అంటే బొటనవేలితో తిప్పే స్టిక్ ముట్టుకోకపోయినా కదిలినట్టు లెక్కవడం. మామూలు స్టిక్‌కి, అది ఎటు ఒరిగిందో కొలిచే రెండు పొటెన్షియోమీటర్లుంటాయి. వాటి కార్బన్ పూత రాపిడికి అరిగితే, చెయ్యి తీసేసినా స్టిక్ నడుమకు వచ్చినట్టు లెక్క కుదరదు. హీరో తనంతట తాను గోడవైపు నడుస్తాడు. మురికైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో పోతుంది. పూతే అరిగితే ఆ శుభ్రం నాలుగు రోజుల ముచ్చట. అప్పుడు స్టిక్ మాడ్యూల్ మొత్తం మార్చాలి: 14 చోట్ల టంకం విప్పాలి, తొందరపడితే బోర్డు మీది రాగి లేచి వస్తుంది. కొందరు ఏకంగా హాల్ ఎఫెక్ట్ స్టిక్ పెడుతున్నారు. అందులో కొలిచేది అయస్కాంత క్షేత్రాన్ని, కొలతకి ఒరుసుకునేదేమీ లేదు, ఆ పూత అరిగే బాధే లేదు. వీళ్లతో స్నేహం మానెయ్యండి.

తప్పనిసరైతే ఆటలో డెడ్‌జోన్, అంటే స్టిక్ కాస్త కదిలినా ఆట పట్టించుకోని మేర, పెంచండి. తెలిసినవాళ్లు 5 శాతంతో మొదలెట్టి, హీరో నిలబడగానే ఆపేస్తారు. మీరు 30 దాకా లాగండి. గురి కాస్త సర్దబోతే కదలదు, ఇంకాస్త తోస్తే ఒక్కసారిగా జారుతుంది. స్టిక్ బిగుసుకుపోయిందని చెప్పుకోవచ్చు.