సవరణ: కంచె గుంజల కింద సిమెంటు

పెరటి చెక్క కంచె గురించి పోయినవారం రాసినప్పుడు, గుంజ అడుగున కూడా సిమెంటు పోసి గిన్నెలా మూసేస్తే తడి తగలదు, చెద పట్టదు అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. కంచెలు కట్టే వడ్రంగి ఒకాయన చెప్పాక కలప సంరక్షణ పుస్తకాలు కూడా చూశాను. అక్కడా అదే మాట.

ఎండలకి చెక్క కుంచించుకుని సిమెంటుకీ దానికీ మధ్య సన్నని సందు పడుతుంది. వానకి అందులో దిగిన నీళ్లకి బయటికి దారుండదు. మా సరుగుడు గుంజ ఒకటి పీకి చూశాను. పైన గట్టిగానే ఉంది, నేలమట్టం దగ్గర మాత్రం జానెడు మేర గోటితో గీకితే పొడిపొడిగా రాలింది.

గోతి అడుగున అరడుగు కంకర వేసి, నేరుగా దానిమీదే గుంజ నిలబెట్టాలి. సిమెంటు చుట్టూ మాత్రమే పోయాలి. దాని పైఅంచు నేలకన్నా కాస్త ఎత్తుగా, నీళ్లు జారిపోయేలా వాలుగా ఉండాలి.

గుంజలకి ఏ కలప వాడాలో చెబుతూ పోయినవారం నేను రాసిన "టేకైతే చాలు" అన్నమాటని కొందరు ఏ టేకైనా సరే అనుకున్నారు. నేనన్నది చేవ గురించి, అంటే మాను లోపలి ముదురు రంగు గట్టి కలప. దాని చుట్టూ బెరడు వైపు ఉండే తెల్లటి కలప టేకుదైనా చెదకి ఆగదు.

ఇప్పటికే సిమెంటు గిన్నె పోసేసినవాళ్లు ఆ సందుని తారుతో పూడ్చి, ఏటా వానలకి ముందు ఒకసారి చూసుకోండి.