10:59 దగ్గర ఆగిపోయిన మా ఇంటి కంప్యూటర్ గారికి

మహారాజశ్రీ కంప్యూటర్ గారి సముఖానికి,

హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన తమరు కొలువుదీరి పదేళ్లు దాటింది. ఇన్నేళ్లూ తమరి ఎదుట కూర్చుని టైపు చేసిన నేను ఈ లేఖను మాత్రం కాగితం మీద బాల్‌పెన్నుతో రాయవలసి వచ్చింది. కారణం తమరికి తెలియనిది కాదు.

మనుమరాలి పుట్టువెంట్రుకలు తిరుమలలో ఎల్లుండి తీయించాలి. రేపటి రైలుకు కాజీపేట నుంచి తిరుపతికి స్లీపర్ బెర్తులు కావాలి. స్లీపర్ తత్కాల్ 11 గంటలకు తెరుస్తారు, ఒక టికెట్టు మీద నలుగురికే ఇస్తారు. చంటిపిల్లకు టికెట్టు అక్కరలేదు కనుక మేము సరిగ్గా నలుగురమే. ఆధార్ ఎప్పుడో జతచేసి ఉంచాను, పేర్లూ వయసులూ ముందురోజే నింపిపెట్టాను, 10:50కే లాగిన్ అయి, ఫోనును ఓటీపీ కోసం ఎడమచేతి దగ్గర, కళ్లద్దాలను ముక్కు మీద పెట్టుకుని కూర్చున్నాను. తమరి తెర కుడిమూలన ఉండే చిన్న గడియారం 10:59 చూపింది. నేను చూపు తిప్పలేదు. అదీ కదలలేదు.

నిమిషం ఇంత పొడవుగా ఉంటుందా అని ఒక్కసారి అనిపించిన మాట నిజమే. కానీ మౌస్ కదిపితే బాణం గుర్తు ఎంచక్కా కదులుతోంది, పైకి పోతోంది, కిందికి వస్తోంది, కనుక సిస్టం హ్యాంగ్ అయిందన్న అనుమానం నాకు రాలేదు. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ "ఇంక గాలేదా, పదకొండు దాటి ఏడు నిమిషాలాయె" అన్నప్పుడు, గోడ గడియారమే ముందుకు నడుస్తోందని వాదించిన ఘనత కూడా నాదే. "గోడకు గడియారం ఉండంగ గా డబ్బలున్నదాన్నెందుకు సూసిన్రు?" అని ఆమె అడిగిన ప్రశ్నకు రాత్రి తొమ్మిదిన్నర అయినా నా దగ్గర జవాబు లేదు.

పవర్ బటన్‌ను అదిమిపట్టి ఆపి, మళ్లీ వెలిగించే సరికి అంతా ముగిసింది. నలుగురికీ వెయిటింగ్ లిస్టే. ఏజెంటును పట్టుకుందామంటే, మొదటి అరగంట వారికి తత్కాల్ తీసే వీలే లేదు. చివరకు బస్సులో నాలుగు సీట్లు దొరికాయి, అందులో రెండు వెనుక చక్రం మీదివి.

తమరి ఇతర గుణగణాలను ఇక్కడ ఏకరువు పెట్టబోను. ఎండాకాలంలో పిండిగిర్నీలా మోగే ఫ్యాను, గట్టిగా పొడిస్తే తప్ప పడని 'క' అక్షరం, నేను అత్యవసరంలో ఉన్నప్పుడే తమరికి గుర్తొచ్చే అప్‌డేట్లు, ఇవన్నీ సంసారంలో ఉండేవే అని సర్దుకున్నాను. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు కూడా ఆగాయి. 11కు వెళదామంటే తమరి ప్రాసెసర్‌కు ఆ అర్హత లేదట. తెలంగాణ వచ్చిన 2014లోనే తమరూ మా ఇంటికి వచ్చారు. అప్పుడు మనది వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ జిల్లా అయింది. మూడు పేర్లు మారిన జిల్లాలో మారనిది తమరి హార్డ్ డిస్క్ ఒక్కటే.

తప్పు ఆ డిస్కుదేనని తెలుసుకోవడానికి నా మధ్యాహ్నం మొత్తం పట్టింది. ముందు ఫోనులో హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వైరస్ అన్నాడు. స్కాన్ చేస్తే ఏమీ లేదు. ర్యామ్ అన్నాడు. పక్క మూత విప్పితే లోపల దుమ్ము పత్తిలా పొరలుగట్టి ఉంది, ఫ్యాను రెక్కల మీద అయితే వేలితో పేరు రాయవచ్చు. ర్యామ్ పట్టీని ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది, మళ్లీ టక్కుమనేదాకా నొక్కాను. డిస్కు కేబుల్ పీకి పెట్టాను. తమరు బుద్ధిగా ఇరవై నిమిషాలు పనిచేసి, నేను మూతకు చివరి స్క్రూ బిగిస్తుండగా మళ్లీ బిగుసుకుపోయారు.

ఈసారి లోపల ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్‌ను ముందే తెరిచి ఉంచాను. తెర మళ్లీ కదిలిన క్షణంలో చూస్తే డిస్కు వాడకం నూటికి నూరు శాతం, అది చదువుతున్న వేగం మాత్రం సున్నా. విండోస్ తన తప్పులన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో డిస్కు పేరు మీద 7వ నంబరు ఎర్రగుర్తులు వరుసగా ఉన్నాయి, అంటే బ్యాడ్ బ్లాక్, డిస్కులో పాడైన చోటు. నిమిషానికి 7200 సార్లు తిరిగే ఆ పళ్లెంలో ఒకచోట గీత చెడితే, డిస్కు అదే చోటును మళ్లీ మళ్లీ చదవబోతుంది, అది తేలేదాకా విండోస్ నోరు తెరుచుకుని నిలబడుతుంది. బాణం గుర్తుకు డిస్కుతో పనిలేదు కనుక అది మాత్రం ఊరేగుతూ ఉంటుంది.

ఇంతవరకూ నేను క్షమించగలిగేదే. వయసు మీద పడితే ఎవరికైనా ఒక మాట దగ్గర తడబాటు వస్తుంది, నాకూ వస్తోంది. నా మనసు విరిగింది ఆ తర్వాత తెలిసిన సంగతికి. గడియారం అంకెలను తెర మీద గీసేది ఒక ప్రోగ్రాం, ఆగింది అది. లోపల మదర్‌బోర్డు మీది అసలు గడియారం ఒక్క క్షణం కూడా ఆగలేదు. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం దానికి ఉంది, కరెంటు పోయినా నడవాలని రూపాయి బిళ్లంత బ్యాటరీ దానికి పెట్టారు. నేను ఆపి వెలిగించగానే నువ్వు ఏ ఇంటర్నెట్‌నూ అడగకుండా, ఎవరూ సరిచేయకుండా, చక్కగా 11:09 చూపించావు. అంటే నీకు తెలుసు! పదకొండు కొట్టినప్పుడు తెలుసు, ఐదు నిమిషాలు దాటినప్పుడు తెలుసు, బెర్తులన్నీ అయిపోయినప్పుడూ తెలుసు. తెలిసి ఉండి, నా మొహం మీద 10:59 పట్టుకుని కూర్చున్నావు. ఆగిపోయిన గోడ గడియారానికి కనీసం ముల్లు ఆగిందని కనిపిస్తుంది. నల్లగా ఆరిపోయి ఉంటే నేను ఫోనులోనైనా ప్రయత్నించేవాడిని కదా, దొంగా!

కోపంలో ఏకవచనం దొర్లింది. అలాగే ఉండనీ.

సాయంత్రం నిన్ను స్కూటరు ముందు పెట్టుకుని చౌరస్తా దగ్గరి రిపేరు షాపుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు చెవి దగ్గర పెట్టుకుని "టక్, టక్" విని, "డిస్క్ పోతున్నది సార్. డిస్క్‌ల తప్పులు ఎతికే చెక్‌డిస్క్ గిట్ల పెట్టకుండ్రి, ఉన్నది గూడ పోతది. ముందుగాల ఫొటోలు తీస్కోండ్రి, తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఏసిస్త, ఉరుకుతది" అన్నాడు. ఫొటోలనగానే గుర్తొచ్చింది. మా అమ్మ భద్రకాళి చెరువు గట్టు మీద నిలబడి తీయించుకున్న చివరి ఫొటో నీలో తప్ప ఇంకెక్కడా లేదు.

అందుకే ఇంటికి తెచ్చి, గంటన్నరగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. రెండుసార్లు ఆగావు, రెండుసార్లూ నేను దేన్నీ నొక్కకుండా కూర్చున్నాను, ఎక్కడో గొణుక్కుని మళ్లీ కదిలావు. అమ్మ ఫొటో వచ్చేసింది. మిగిలినవి ఇంకా నాలుగు వందల పైన ఉన్నాయి. నీ మూలన ఇప్పుడు 9:46 అని ఉంది. గోడ వైపు తిరిగి చూశాను, 9:47. ఒక్క నిమిషమే కనుక ఈ పూటకు ఏమీ అనడం లేదు.

ఇట్లు,
బస్సులో వెనుక చక్రం మీద కూర్చోబోతున్న
నీ యజమాని