సవరణ: మాస్క్ లీకైతే పట్టీలు బిగించడం గురించి

స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే సమస్య) ఉన్నవాళ్లు పెట్టుకునే, మెషీన్ నుంచి గాలి అందించే మాస్క్ నుంచి గాలి లీకైతే పట్టీలు బిగించాలని ముందు పోస్టులో ఉంది. అది అన్నిసార్లూ పనిచేయదు. మాస్క్ అంచున ఉండే సిలికాన్ కుషన్ గాలికి కాస్త ఉబ్బితేనే ముఖానికి అతుక్కుంటుంది. మరీ బిగిస్తే ముక్కు పక్కన మడత పడి, గాలి నేరుగా కళ్లలోకి కొడుతుంది. పైగా పొద్దున్నకి చెంపల మీద చారలు! మెషీన్ ఆన్ చేసి, పడుకున్నాకే పట్టీలు సర్దుకోండి. మాస్క్‌ను కొద్దిగా ముందుకు లాగి వదిలితే కుషన్ మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది. ముఖం జిడ్డుగా ఉంటే మాత్రం ఎంత సర్దినా జారుతుంది.

ఇంకో మాట. మాస్క్‌కి ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి వచ్చే గాలి లీకు కాదు, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి. వాటికి టేపు వేయకండి, ప్రమాదం. ముక్కు మాస్క్ వాడేవాళ్లకి నోట్లోంచి గాలి పోతుంటే ముక్కునీ నోటినీ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ సంగతి డాక్టర్ని అడగండి.