చేయించేవాడు ఉన్నాడు సరే, చేసేవాడు ఎక్కడికి పోయాడు?

చెన్నై ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి ఉత్సవమూర్తిని దగ్గరగా చూస్తే ముఖం మీద గాట్లు కనిపిస్తాయి. అవి భీష్ముడి బాణాల గుర్తులంటారు. గర్భగుడిలోని మూలవిరాట్టు చేతిలో శంఖం ఉంటుంది, చక్రం ఉండదు. యుద్ధంలో ఆయుధం పట్టనని మాట ఇచ్చాడు కదా. పగ్గాలు ఆయన పట్టుకున్నాడు, దెబ్బలు ఆయనా తిన్నాడు, గాండీవం మాత్రం అర్జునుడి చేతిలోనే ఉంది.

ఆ సారథికి దండం పెట్టుకుని బయటికొచ్చి, ‘శివునాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు, మన చేతిలో ఏముంది’ అనేస్తాం. దానికి ఆధారంగా గీత 18వ అధ్యాయం 61వ శ్లోకం చూపిస్తాం: ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించినట్టు ప్రాణులన్నిటినీ తిప్పుతున్నాడు. శ్లోకం నిజమే. అక్కడే పుస్తకం మూసేయడంతో వస్తుంది చిక్కంతా. రెండు శ్లోకాలు దాటితే అదే కృష్ణుడు ‘విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు’ అంటాడు. అంతా బాగా ఆలోచించుకో, నీకెలా తోస్తే అలా చెయ్యి అని. 11వ అధ్యాయంలో ‘నిమిత్తమాత్రం భవ’ (నువ్వు ఊరికే నిమిత్తం అవ్వు) అన్నప్పుడు కూడా క్రియను చూడాలి. ‘భవ’ అంటే ‘అవ్వు’. కాదనగలిగే వాడికే ఎవరైనా అలా చెబుతారు.

ఇంకో శ్లోకాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. పాండవగీత అనే స్తోత్రంలో దుర్యోధనుడి నోట వినిపిస్తుంది: ధర్మమేదో నాకు తెలుసు, దాని మీదికి మనసు పోదు, అధర్మమేదో తెలుసు, దాన్ని వదల్లేను, నా హృదయంలో ఉన్న ఏ దేవుడో ఎలా నియమిస్తే అలా చేస్తున్నాను. ‘యథా నియుక్తోఽస్మి తథా కరోమి’. హృదయంలో దేవుడున్నాడన్న మాట 61వ శ్లోకంలోనిదే. ‘యథా... తథా’ అన్న పోత 63వ శ్లోకంలోనిదే. ‘ఇచ్ఛసి’ (నువ్వు కోరుకుంటావు) ఉండాల్సిన చోట ‘నియుక్తః’ (నియమించబడ్డవాణ్ణి) వచ్చి కూర్చుంది, అంతే తేడా. దేవుడు లోపలుండి నడిపిస్తాడనే అంతర్యామి సిద్ధాంతం తెలియక దుర్యోధనుడు చెడిపోలేదు. తెలిసి, దాన్ని తన తప్పుకు అడ్డం పెట్టుకున్నాడు.

మన తెలుగు వ్యాకరణం ఈ విషయంలో మనకు మేలు చేస్తుంది. మేస్త్రి కూలీ చేత గోడ కట్టించాడంటే కూలీ కట్టలేదని అర్థం కాదు. ‘చేయించాడు’ అన్న ప్రతి వాక్యంలోనూ ఇద్దరుంటారు. ‘పలికించెడివాడు రామభద్రుండట’ అన్న పోతన కూడా అదే పద్యంలో ‘పలికెద’ అని తన పని తానే ఎత్తుకున్నాడు.

గీత లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. 18వ అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం అంటే శరీరం, కర్త, కరణాలు అంటే ఇంద్రియాలు, వేర్వేరు చేష్టలు, అయిదోది దైవం. అర్ధరాత్రి చెన్నైలోని ఓఎంఆర్ రోడ్డు మీద బండి పడిందనుకోండి. నిద్రకు తూగుతున్న ఒళ్లు, అయినా బయల్దేరదామనుకున్న మనిషి, సరిగ్గా చూడని కళ్లు, ఆ వేగం, ఆ మలుపు అన్నీ అందులో ఉన్నాయి. ‘దైవేచ్ఛ’ అని ఊరుకుంటే మొదటి నాలుగూ కొట్టేసినట్టు. ‘అంతా నా వల్లే’ అన్నా తప్పే. ‘కేవలం’ తననే కర్తగా చూసుకునేవాణ్ణి 16వ శ్లోకం దుర్మతి అంటుంది. ఆ ‘కేవలం’ అన్న మాట దాటిపోకూడదు.

మరి ఈశ్వరుడి పాత్ర ఎంత? వేదాంతానికి మూలగ్రంథాల్లో ఒకటైన బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మూడో పాదంలో దీన్ని తేల్చాయి. జీవుడి కర్తృత్వం పరమాత్మ నుంచే వస్తుందని ఒక సూత్రం. జీవుడు చేసిన ప్రయత్నాన్ని బట్టే ఆయన నడిపిస్తాడని, లేకపోతే ‘ఇది చెయ్యి, అది చెయ్యకు’ అన్న శాస్త్రమే వ్యర్థమవుతుందని తర్వాతి సూత్రం. చెన్నైకి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని శ్రీపెరుంబుదూరులో 1017లో పుట్టిన రామానుజులు దీనికిచ్చిన పోలిక ఉమ్మడి ఆస్తి. అన్నదమ్ములిద్దరి పేరున ఉన్న స్థలం మొత్తాన్ని ఇంకొకరికి రాసివ్వాలంటే రెండో సంతకం లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు. అయితే ఇద్దామనుకుని, అడిగి, ఆ సంతకం తెచ్చుకున్నది మొదటివాడు. కాబట్టి ఫలం వాడిదే. ఈశ్వరుడిది అనుమతి, తొలి ప్రయత్నం జీవుడిది.

అసలు గట్టి అభ్యంతరం కౌషీతకి ఉపనిషత్తు నుంచి వస్తుంది. ఎవరిని పైకెత్తదలిస్తే వారి చేత మంచిపని, ఎవరిని కిందికి దించదలిస్తే వారి చేత చెడ్డపని ఆయనే చేయిస్తాడని అందులో ఉంది. ఇది పక్షపాతం కాదా? ఇది అందరికీ వర్తించే మాట కాదని రామానుజుల సమాధానం. తనవైపు గట్టిగా తిరిగినవారికి మంచి మీద రుచి పెంచుతాడు, గట్టిగా ఎదురు తిరిగినవారికి వాళ్లు ఎంచుకున్న దారి మీదే రుచి పెంచుతాడు. ‘దదామి బుద్ధియోగం’ (బుద్ధియోగం ఇస్తాను) అన్న గీత 10వ అధ్యాయం, ‘క్షిపామి’ (విసిరేస్తాను) అన్న 16వ అధ్యాయం రామానుజులు చూపే సాక్ష్యాలు. రెండుచోట్లా మొదటి అడుగు మనిషి వేసిన తర్వాతే ఈశ్వరుడి చెయ్యి పడింది. నా మటుకు నాకు ఇంతకంటే నిజాయితీ గల జవాబు కనిపించలేదు. కష్టమైన వాక్యాన్ని రామానుజులు దాచిపెట్టలేదు.

ఇక రామానుజుల సంప్రదాయంలోని వడగలై, తెంగలై అనే రెండు శాఖలు చెప్పే కోతిపిల్ల, పిల్లికూన పోలికలు. తల్లిని తానే పట్టుకునే కోతిపిల్ల వడగలై వారి పోలిక, తల్లి నోట కరుచుకుపోయే పిల్లికూన తెంగలై వారిది. పిల్లికూన మాట వినగానే చేతులు ముడుచుకోవచ్చనుకుంటారు చాలామంది. ఆ చర్చంతా మోక్షానికి ఉపాయం ఏమిటన్న దాని గురించే. శరణాగతి చేసినవాడు కూడా నిత్యకర్మల్ని కైంకర్యంగా చేస్తూనే ఉండాలని రెండు వర్గాలూ చెబుతాయి. చేసిన అప్పు తీర్చాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ ఎవరూ ఎత్తలేదు.