‘అయిపోతుందండీ’ అన్న మాటే కొంప ముంచుతోంది

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ బోర్డులకు కొదవ లేదు. లోపల నేర్పేది దాదాపు ఒకటే సరుకు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ, నిమిషంపాటు ఆగకుండా మాట్లాడటం, గ్రూప్ డిస్కషన్‌లో అందరికంటే ముందు గొంతెత్తడం, కాలు మీద కాలేసుకోకుండా కూర్చోవడం. ఇదంతా ఉద్యోగంలోకి దూరడానికి. దూరిన ఆరు నెలలకు అసలు పరీక్ష వస్తుంది. పని చెడిందని పైవాడికి చెప్పాల్సిన రోజది. ఆ రోజు మనవాడు నోరు తెరిచి అనేది ఒకే మాట: ‘అయిపోతుందండీ.’

ఆ మాటకు నాలుగైదు అర్థాలున్నాయి. రేపటికి అవుతుంది, వచ్చే వారానికి అవుతుంది, ఇంకా మొదలే పెట్టలేదు, ఎలా చేయాలో తెలియదు, మీరు వెళ్లిపోతే బాగుండు. వినేవాడికి ఏది కావాలంటే అది వినపడుతుంది.

గుంటూరు పక్కనే ఒక కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. రాత్రి రెండు దాటాక అమ్మోనియా కంప్రెసర్ ఆగింది. లోపల వేల మిర్చి టిక్కీలు (బస్తాలు), ఒక్కోటి నలభై కిలోలకు అటూఇటూ. ఆపరేటర్ తనకు తెలిసిన తంటాలన్నీ పడి, తెల్లారి 6 గంటలకు మేనేజర్‌కు ఫోన్ చేస్తాడు. ‘సార్, చిన్న ప్రాబ్లం వచ్చింది, చూస్తున్నాం, అయిపోతుంది.’ ‘సరే, చూడండి’ అంటాడు మేనేజర్. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. ఈలోగా ఛాంబర్ వేడెక్కింది. బయటి గాలి తేమ చల్లటి టిక్కీల మీద చెమ్మగా పట్టింది. ఆ చెమ్మే బూజుకు దారి. రంగు తగ్గిన కాయకు యార్డులో ఏ ధర పలుకుతుందో గుంటూరువాళ్లకు చెప్పక్కర్లేదు.

అదే ఫోన్ 2.40కి వచ్చి ఇలా ఉందనుకోండి: ‘సార్, రెండో కంప్రెసర్ 2.10కి ఆగింది. 5 డిగ్రీలుండే మూడో ఛాంబర్ ఇప్పుడు 7 చూపిస్తోంది. స్టాండ్‌బై ఆన్ చేశాం, ప్రెజర్ ఎక్కట్లేదు. 4 లోపు మెకానిక్ కావాలి, మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?’ ఇందులో ఉన్నవి నాలుగు ముక్కలు. ఏం జరిగింది, దెబ్బ దేని మీద, ఇప్పటిదాకా నేనేం చేశాను, మీ నుంచి ఏం ఎన్నింటికల్లా కావాలి. అర నిమిషం కూడా పట్టదు. మొదటి ముక్కలో టైము, అంకె లేకపోతే అది నసుగుడు. నాలుగో ముక్క లేకపోతే ఉత్త ఫిర్యాదు. చాలామంది ‘సార్, నా తప్పేం లేదు సార్’ అని ఎత్తుకుంటారు. అంతే, అవతలివాడి బుర్ర తప్పెవరిదన్న లెక్కలోకి పోతుంది, కంప్రెసర్ గోల వెనక్కి పోతుంది. సాఫ్ట్‌వేర్ టీముల్లో దీనికి తోబుట్టువు ‘80 పర్సెంట్ అయింది సార్’. మూడు వారాలైనా అది 80 దగ్గరే ఉంటుంది. శాతం అడగడమే పొరపాటు. ఏది పూర్తయింది, ఏది ఇంకా ముట్టుకోలేదు అని అడిగితే నిజం రాలుతుంది.

ఈ విద్య ఎక్కడి నుంచో దిగుమతి చేసుకోనక్కర్లేదు. విజయవాడ జంక్షన్ మీదుగా పోయే రైలు ఇంజిన్‌లో చూడండి. సిగ్నల్ కనబడగానే లోకో పైలట్ (డ్రైవర్), అతని అసిస్టెంట్ దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది కదా, ఎందుకు అనడం? రెండోవాడు చూశాడులే అని ఒకడు అనుకున్న చోటే ప్రమాదం కాచుకుని ఉంటుంది గనక. గేట్‌మన్ ‘గేటు వేశానండీ’ అంటే స్టేషన్ మాస్టర్‌కు చాలదు. దాంతోపాటు తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి, స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకోవాలి. మాట అందిందనడానికి అదే రుజువు. మన ఆఫీసుల్లో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతారు, కింద పద్నాలుగు బొటనవేళ్లు లేస్తాయి, పని మాత్రం ఎవరి నెత్తిన పడిందో ఎవరికీ తెలియదు. ‘సాయంత్రంలోపు’ అంటారు. ఒకరికి అది 5, ఇంకొకరికి రాత్రి 9. పేరు, పని, గంట ఈ మూడూ లేని మెసేజ్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

తప్పంతా కిందివాడి మీదకు తోసేయడం అన్యాయం. చెడు కబురు పైకి రావడానికి దారి వేయాల్సింది పైవాడే, లీడర్‌షిప్‌లో సగం పని అదే. ‘అర్థమైందా?’ అంటే గంగిరెద్దులా తలూపుతారు. ‘ముందు ఏం చేస్తావో చెప్పు’ అంటే అర్థం కానిది బయటపడుతుంది. ‘ఏమైనా ఇబ్బందా?’ అంటే ‘లేదు సార్’. ‘ఇది ఆగిపోతే ఎక్కడ ఆగుతుంది?’ అంటే జవాబు వస్తుంది. మీటింగులో పెద్దాయన మొదట తన అభిప్రాయం చెప్పేశాక మిగతావాళ్లు చేసేది భజనే. ఆయన ఆఖర్న మాట్లాడాలి. చెడు కబురు తెచ్చినవాడిని మొదటి రెండు నిమిషాలు తిట్టకుండా ఉండగలగాలి, ఎందుకంటే అక్కడున్న మిగతా తొమ్మిది మంది చూసేది ఆ రెండు నిమిషాలనే.

పెద్దవాడి ముందు మౌనం ఖరీదు విమానయానానికి బాగా తెలుసు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో రన్‌వే మీద పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది పోయారు. టేకాఫ్‌కు కదిలిన డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో అని అడిగాడు కూడా. కెప్టెన్ కొట్టిపారేశాడు, ఇంజనీర్ మళ్లీ అడగలేదు. 1979లో నాసా జరిపిన వర్క్‌షాప్ నుంచి పుట్టిన కాక్‌పిట్ శిక్షణలో, చిన్నవాడు పెద్దవాడిని ఎదురు ప్రశ్నించడం, పెద్దవాడు వినడం ఒక పాఠమై కూర్చుంది.

ఇంగ్లిష్ రాకపోతే మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపుతున్నారు, ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు అంటారు సెంటర్లవాళ్లు. నిజమే, ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే. కానీ గదిలో ఉన్న పదిమందీ తెలుగువాళ్లే అయినా మీటింగ్ ఇంగ్లిష్‌లో సాగితే, అనుమానం వచ్చిన కుర్రాడు వాక్యం కూర్చుకునేలోపు టాపిక్ మారిపోతుంది. నిర్ణయం ఇంగ్లిష్‌లో రాసుకోండి, గొడవ తెలుగులో పడనివ్వండి.

అసలు ఈ మౌనం ఉద్యోగంలో పుట్టింది కాదు. దీని పుట్టిల్లు మన రెండు ఊళ్ల ఇంటర్ హాస్టళ్లు. ఎంసెట్ పేరు మారి ఏపీఈఏపీసెట్ అయినా 160 బిట్లకు 180 నిమిషాలే. బిట్టుకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఆ పందెంలో ‘సార్, ఈ స్టెప్ ఎందుకు?’ అన్నవాడు క్లాసు టైము తినేసినవాడవుతాడు. జేఈఈలో తప్పు జవాబుకు మైనస్ ఉంది, వదిలేస్తే సున్నా. తెలియనప్పుడు గమ్మునుండటమే లాభమని పదహారేళ్లకే లెక్కతో సహా నేర్పేశాం. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో మాట్లాడితే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్. అలా రెండేళ్లు మూసిన నోటిని నాలుగేళ్ల తర్వాత పది రోజుల సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల ఎంపికకు ఇచ్చే శిక్షణ) క్లాసులతో తెరిపిస్తామంటున్నారు.

సీఆర్‌టీ డబ్బుల్లో పదో వంతు కూడా పెట్టకుండా ఇంటర్‌లోనే చేయదగ్గ పని ఒకటుంది. పీరియడ్‌లో ఆఖరి ఐదు నిమిషాలు. రోజుకు ముగ్గురు, రోల్ నంబర్ వరసలో, ఆ రోజు అర్థం కానిది ఏదో ఒకటి లేచి చెప్పాలి. ‘అంతా అర్థమైంది సార్’ అన్న జవాబు చెల్లదు. అరవై మంది సెక్షన్‌లో ఇరవై పని దినాలకు ఒక చుట్టు పూర్తవుతుంది, ఏడాదిలో ప్రతివాడికీ ఏడెనిమిది సార్లు వంతొస్తుంది. మొదటి చుట్టులో నీళ్లు నములుతారు. మూడో చుట్టుకు లెక్చరర్‌కే ఇబ్బంది మొదలవుతుంది, యాజమాన్యాలు ఒప్పుకోనిది అందుకే.